పండగ అలంకరణ సామాను ఏడాదంతా ఇంట్లో వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా మన ఇళ్ళలో అటక మీది అట్టపెట్టెలు దిగుతూ ఎక్కుతూనే ఉంటాయి. ఆ పెట్టెల్లో ఉన్నవాటిలో సగానికి పైగా మిగతా నెలల్లో కూడా పనికొచ్చేవే. ఏది బయట ఉంచాలి, ఏది లోపల పెట్టాలి అన్నది ఆ వస్తువు దేనితో తయారైందో చూసి తేల్చుకోవాలి. ఇత్తడి, చెక్క, బట్ట వాడుకలో ఉంటేనే బాగుంటాయి. అటక మీద ఏడాది పడి ఉంటే ఇత్తడి నల్లబడుతుంది, చెక్క పుచ్చుతుంది, బట్ట మడతల దగ్గర చిరుగుతుంది. కాగితం, ప్లాస్టిక్, థర్మాకోల్ సంగతి దీనికి తలకిందులు. ఎండా దుమ్మూ తగిలినకొద్దీ అవి పాడవుతాయి.

పండగ అయ్యాక అలంకరణ తీసేటప్పుడు ముందుగా ఏం చేయాలి?

అన్నీ కలిపి ఒకే సంచిలో కుక్కకండి. అక్కడే తప్పు జరిగేది. పూలు, ఆకులు, పత్రి ఒక బుట్టలోకి తీయండి. నూనె తగిలినవి ఒక పళ్ళెంలో, బట్టలు ఒక పక్కన, కరెంటువి వేరే పెట్టండి. నూనె ప్రమిద పక్కన బట్ట తోరణం ఒక్క రాత్రి ఉన్నా ఆ మరక మళ్ళీ పోదు.

మరకల విషయంలో ఒక వరస పాటించాలి. కుంకుమ పడితే తడి చేయకముందే మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి తగిలితే రంగు దారంలోకి దిగుతుంది. పసుపు మరకకి సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, కంగారు పడక్కర్లేదు. ఉతికి, తడిగా ఉన్నప్పుడే ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలిసిపోతుంది. రెండు మూడు ఎండలు పట్టవచ్చు. పట్టుకి మాత్రం ఈ పద్ధతి వద్దు, అసలు రంగు కూడా వెలిసిపోతుంది.

పూజలో పెట్టిన వస్తువులను మామూలు అలంకరణకు వాడొచ్చా?

ఇది ఇంటింటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళను అడగడం మంచిది. చాలా ఇళ్ళలో పాటించే పద్ధతి ఏమిటంటే, కలశం చెంబు, అమ్మవారి ముఖం, పూజ పీట లాంటివి శుభ్రం చేసి పూజగదిలోనే ఉంచుతారు. వెనక కట్టిన తెర, దీపాల తీగలు, గుమ్మం తోరణాలు, పక్కన పెట్టిన బొమ్మలు, పూలకుండీలు అలంకరణ కిందికే వస్తాయి, వాటిని ఎక్కడైనా వాడుకోవచ్చు. పాలవెల్లిని కొన్ని ఇళ్ళలో ఇంకో పనికి ముట్టరు, అలాంటి ఇల్లయితే దాన్ని వదిలేయండి.

ఒక పండగ వస్తువు ఇంకో పనికి రావడం మన దగ్గర కొత్తేమీ కాదు. సంక్రాంతి గొబ్బెమ్మలను పిడకలుగా కొట్టి, ఎండబెట్టి, రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు.

దీపావళి సీరియల్ లైట్లను ఏడాదంతా వెలిగించి ఉంచొచ్చా?

ఎలాంటి లైట్లో చూడాలి. ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లోకి వెళ్ళి, సన్నటి వైరుతో ఉండే చౌక సెట్లలో తీగ పొడుగునా 230 వోల్టులు ఉంటాయి. అవి రెండు మూడు రోజుల పండగకి, మన కళ్ళెదుట వెలగడానికి సరిపోతాయి, అంతకు మించి కాదు. రోజూ పిల్లలు ముట్టుకునే చోట, కర్టెన్ మీద, మంచం తలాపున వాటిని పెట్టకండి. వైరు పైపొర ఎండకి పెళుసుబారి విరిగితే లోపలి రాగి బయటపడుతుంది.

రోజువారీ వాడకానికి 5 వోల్టుల యూఎస్‌బీ తీగలు, లేదా 12, 24 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేవి తీసుకోండి. సుమారు 5 వాట్లు తీసుకునే తీగ రోజుకి 6 గంటలు వెలిగితే నెలకి 0.9 యూనిట్. బిల్లు గురించి ఆలోచించాల్సిన పని లేదు. పవర్ బ్యాంకుకి పెడితే కొన్ని పవర్ బ్యాంకులు కాసేపటికే ఆరిపోతాయి. తీగ లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో ఏమీ తగిలించలేదనుకుని అవి తమంతట తామే ఆగిపోతాయి. పాత మొబైల్ ఛార్జర్‌కి పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

పండగ కళ కాకుండా ఇంటి కళ రావాలంటే రంగురంగులవి పక్కన పెట్టి పసుపు ఛాయ తెలుపువే వాడండి. మినుకుమినుకు మోడ్ ఆపి నిలకడగా వెలిగేలా పెట్టండి. చౌక కంట్రోలర్లు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మినుకు మోడ్‌కే వెళ్తాయి, ఏడాదంతా వాడాలనుకుంటే మోడ్‌లు లేని తీగ కొనడం మేలు. అద్దం వెనక అంచున, పుస్తకాల అర కింది భాగాన, మెట్ల పక్కన, వంటింటి పై అరల కింద ఇవి బాగా కుదురుతాయి. బల్బు కాకుండా దాని వెలుగు మాత్రమే కనపడేలా పెడితే అదొక దీపంలా పనిచేస్తుంది.

రాగి తీగ లైట్లను మేకుకి గట్టిగా మెలితిప్పకూడదు. తీగ మీద పలచటి పూత తప్ప వేరే తొడుగు ఉండదు. ఆ పూత గీసుకుపోయి రెండు తీగలు తగిలితే సెట్ మొత్తం ఆరిపోతుంది.

సెట్‌లో సగం వెలుగుతోంది, సగం వెలగట్లేదు. బాగు చేసుకోవచ్చా?

ఈ సెట్లలో ఎల్‌ఈడీలు గుంపులు గుంపులుగా, ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. ఒక్క ఎల్‌ఈడీ పోయినా, దాని కాలు తుప్పు పట్టి విరిగినా ఆ గుంపు అంతా ఆరిపోతుంది. ప్లగ్గు తీసేసి, వెలగని భాగం రెండు చివరల దగ్గర, వాన తగిలిన చోట ముందు చూడండి. ఆకుపచ్చగా తుప్పు పట్టిన కాలు దాదాపు అక్కడే దొరుకుతుంది. 5 వోల్టుల తీగ అయితే మీరే సరిచేసుకోవచ్చు. 230 వోల్టుల సెట్ అయితే టేపు చుట్టి వదిలేయడం ప్రమాదం. టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. అది చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. పోయిన ఎల్‌ఈడీలను తీసేసి వైరు కలుపుకుంటూ పోతే మిగిలిన వాటి మీద భారం పెరిగి అవీ త్వరగా పోతాయి. ఒకటి రెండు దాటితే ఆ సెట్‌ని ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్ళకి ఇచ్చేయడమే సరైన పని.

నూనె పట్టిన మట్టి ప్రమిదలను ఏం చేయాలి?

ముందు ఒక మాట. నూనె పీల్చుకున్న ప్రమిదకి అన్నిటికన్నా మంచి ఉపయోగం మళ్ళీ దీపం పెట్టడమే. కొత్త ప్రమిదను కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టకపోతే పోసిన నూనెలో కొంత అదే తాగేస్తుంది. పాతదానికి ఆ బెడద ఉండదు. దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచే కార్తీకం కాబట్టి ఆ నెలంతా తులసి కోట దగ్గర, గుమ్మం దగ్గర ఈ ప్రమిదలే వాడితే సరిపోతుంది. కొత్తవి కొనక్కర్లేదు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. మిగిలిన నూనె, వత్తి తీసేసి పాత వార్తాపత్రికతో లోపలా బయటా తుడవండి. పాత గిన్నెలో లీటరు నీళ్ళకి రెండు చెంచాల బట్టల సోడా వేసి, ప్రమిదలు మునిగేలా పెట్టి 15 నుంచి 20 నిమిషాలు మరిగించండి. పొయ్యి ఆపాక ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. వేడి ప్రమిద మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. చల్లారాక కొబ్బరి పీచుతో రుద్ది, కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టండి. ఎండలో మళ్ళీ నల్లటి మచ్చలు తేలితే లోపల నూనె మిగిలిందని అర్థం, ఇంకోసారి మరిగించాలి. తొందరపడి స్టవ్ మంట మీద కాల్చకండి. మంట ఒకవైపే తగలడంతో రెండుగా విరుగుతుంది.

ఎంత మరిగించినా మట్టి రంధ్రాల్లో కొద్దిగా నూనె ఉండనే ఉంటుంది. దాని మీద రంగు వేస్తే నెల తిరిగేసరికి పొరలు పొరలుగా ఊడుతుంది. రంగు వేయాలనుకుంటే నూనె తగలని ప్రమిదలనే ఎంచుకోండి. వాటిని ఉంగరాలు, పిన్నులు వేసుకోవడానికి, దోమల చక్రం కిందికి, అగరుబత్తి బూడిద పడటానికి వాడుకోవచ్చు. అంగుళంన్నర లోతు ఉన్న పెద్ద ప్రమిదలో మెంతులు చల్లితే వంటింటి కిటికీలో మెంతికూర మొలుస్తుంది. అడుగున రంధ్రం కావాలంటే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గోడకి వాడే డ్రిల్ బిట్‌తో, తక్కువ వేగంతో, కింద చెక్క పెట్టి తొలవండి. పొడి ప్రమిదను తొలిస్తే పెచ్చులు లేస్తాయి.

మైనం పోసిన ప్రమిదలను అరగంట ఫ్రీజర్‌లో పెడితే మైనం ముడుచుకుని ముద్దగా ఊడి వస్తుంది. దాన్ని వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి కొత్త వత్తితో మళ్ళీ పోసుకోవచ్చు. కరిగిన మైనం సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది.

విరిగిన ప్రమిద పెంకులు కుండీ అడుగు రంధ్రం మీద బోర్లించడానికి పనికొస్తాయి. వంపు పైకి ఉండాలి, లేకపోతే అదే రంధ్రాన్ని మూసేస్తుంది.

బంతిపూల దండలు, మామిడి తోరణాలు ఎండిపోయాక?

పసుపు బంతి, నారింజ బంతి దండలు మెత్తబడకముందే తీసి, నీడలో ఫ్యాన్ కింద వేలాడదీయండి. వారం పది రోజుల్లో గలగల మంటూ ఎండుతాయి. ముసురులో అయితే ఎండేలోపే బూజు పడుతుంది, అప్పుడు దండ తెంపి రేకులు విడివిడిగా పళ్ళెంలో పరవాలి.

ఎండిన రేకులతో బట్టకి రంగు వేయడం అన్నిటికన్నా మంచి ఉపయోగం. 100 గ్రాముల నూలు బట్టకి ఇలా చేయండి. ముందు బట్టను సబ్బుతో ఉడకబెట్టి గంజి పోగొట్టండి. 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి, పిండి ఆరేయండి. తర్వాత 15 నుంచి 20 గ్రాముల పటిక కరిగించిన నీళ్ళలో ఒక పూట ఉంచండి. విడిగా 100 గ్రాముల ఎండు రేకులను గంటసేపు సన్నటి మంట మీద ఉడికించి వడకట్టి, ఆ రసంలో తడి బట్టను వేసి ఇంకో గంట మరగబెట్టండి. స్టీలు గిన్నె వాడాలి. ఇనప మూకుడులో చేస్తే పసుపు కాస్తా ముదురాకు రంగులోకి తిరుగుతుంది. కరక్కాయ మానేస్తే నూలుకి రంగు నిలవదు, రెండు ఉతుకులకే పోతుంది. ఇలా రంగేసిన గుడ్డలు వచ్చే దసరాకి తెరలుగా, ఈలోపు దిండు గలీబులుగా వాడుకోవచ్చు.

విత్తనాల కోసమైతే పువ్వును అడుగు తొడిమతో సహా ఎండనిచ్చి చీల్చండి. నల్లగా, గట్టిగా ఉన్న పుల్లలే మొలుస్తాయి. తెల్లగా, పలచగా ఉన్నవి తాలు. బజారు పూలు చాలావరకు గింజ ముదరకముందే కోసినవి, పైగా హైబ్రిడ్‌వి కాబట్టి అన్నీ మొలవవు, మొలిచినా తల్లి పువ్వులా రావు. జూన్ చివర, జూలైలో చల్లితే దసరా, బతుకమ్మ వేళకి పూలు అందుతాయి.

మామిడాకు మందం, దాని మీద మైనపు పొర ఉంటుంది. కంపోస్టులో అలాగే వేస్తే నెలలు గడిచినా చివకదు. నాలుగు ముక్కలు చేసి వేయండి, లేదా కుండీల్లో మట్టి మీద కప్పండి, వేసవిలో తడి ఆరిపోకుండా కాస్తాయి. దండల్లోని నైలాన్ దారం, జరీ కాగితం ముందే తీసేయాలి.

బతుకమ్మ పూలలో ఏడాదంతా నిలిచేవి ఏవైనా ఉన్నాయా?

గునుగు. తంగేడు రెండు రోజుల్లో రాలిపోతుంది కానీ గునుగు ఎండినా ఆకారం చెడదు. బతుకమ్మ పేర్చేటప్పుడు నాలుగైదు పిడికిళ్ళు పక్కన పెట్టి, ఆకులు దూసేసి, 10, 12 కాడలు ఒక కట్టగా కట్టి, చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయండి. తలకిందులుగా అయితేనే కాడ నిటారుగా ఎండుతుంది. రెండు వారాల తర్వాత ఇత్తడి చెంబులోనో మట్టి కూజాలోనో నీళ్ళు లేకుండా పెట్టుకుంటే మళ్ళీ బతుకమ్మ దాకా ఉంటుంది. రంగులో ముంచిన గునుగు పూర్తిగా ఆరకముందు తెల్ల గోడకి ఆనితే మరక పడుతుంది. ఎండిన కట్టను దీపాలకి దూరంగా ఉంచాలి.

వినాయకుడి మట్టిని, పాలవెల్లిని ఎలా వాడుకోవాలి?

ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేస్తే కాల్చని మట్టి విగ్రహం ఒకటి రెండు రోజుల్లో విడిపోతుంది. పై నీళ్ళు వంచేసి, మిగిలిన బురదను నీడలో ఆరబెట్టండి. ఆ ఒండ్రు మట్టిని నేరుగా కుండీలో నింపితే ఆరగానే గట్టిపడి పగుళ్ళు ఇస్తుంది, వేళ్ళకి గాలి ఆడదు. ఒక వంతు ఈ మట్టి, ఒక వంతు కంపోస్టు, ఒక వంతు ఇసుక గానీ కొబ్బరి పొట్టు గానీ కలిపితే మంచి కుండీ మట్టి అవుతుంది. విగ్రహానికి రసాయన రంగులు ఉంటే ఆ మట్టిని పూల మొక్కలకే వాడండి, ఆకుకూరలకి వద్దు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం నీళ్ళలో కరగదు. అమ్మోనియం బైకార్బనేట్ కలిపిన నీళ్ళలో సుమారు 48 గంటల్లో కరిగించే పద్ధతిని పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపించింది. అమ్మోనియా వాసన గట్టిగా వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి.

పాలవెల్లిని నాలుగు మూలలా తాళ్ళు కట్టి బాల్కనీ కొక్కేనికి వేలాడదీస్తే చిన్న మనీప్లాంటు సీసాలు, గాజు దీపాలు కట్టుకోవచ్చు. సన్నటి చెక్క పట్టీలు కాబట్టి మొత్తం బరువు 3 కిలోలు దాటనివ్వకండి. గోడకి నిలువుగా తగిలిస్తే తాళాలు, గొలుసులు, రిబ్బన్లు పెట్టుకునే చట్రం అవుతుంది. వాన తగిలే చోటైతే ముందే వార్నిష్ వేయాలి.

బొమ్మల కొలువు బొమ్మలను హాల్లో పెట్టుకుంటే పాడవుతాయా?

జాగ్రత్తగా పెడితే పాడవవు. పెట్టెలో ఉన్నవాటికే చెదలు, ఎలుకల భయం ఎక్కువ. కాగితపు గుజ్జు బొమ్మల్లో జిగురు, పిండి ఉంటాయి, వాటి కోసమే ఎలుకలు వస్తాయి. అయితే ఒక్కో రకానికి ఒక్కో శత్రువు ఉంది.

కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతులు, తలలు వేరుగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకే తడి గుడ్డ పనికిరాదు, అతుకులు వదులవుతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్క పూసినవి. తడి తుడుపుని తట్టుకుంటాయి కానీ వేడికీ స్పిరిట్‌కీ ఆగవు. ఎండ పడే కిటికీలోనో టీవీ పెట్టె మీదో ఉంచితే లక్క మెత్తబడి దుమ్ము అంటుకుంటుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే లక్క కరిగి వేలిముద్రలు పడతాయి. లక్క పూత మెరుపు పోయి జిగటగా ఉంటే కారణం దాదాపు ఇదే.

అన్నీ ఒకేసారి పేర్చకండి. దశావతారాలు ఒక నెల, పెళ్ళి మేళం ఇంకో నెల, ఎడ్లబండి బొమ్మలు మరో నెల అని కొన్ని చొప్పున మార్చండి. ఇంటికి వచ్చిన వాళ్ళ చూపు వాటి మీద నిలుస్తుంది, పిల్లలకి కథ చెప్పడానికి ఒక వంక దొరుకుతుంది.

కొలువు స్టీలు మెట్లు కుండీలకి, పుస్తకాలకి స్టాండుగా పనికొస్తాయి. బరువైనవి కింది మెట్టు మీద, తేలికవి పైన. కుండీల కింద పళ్ళెం లేకపోతే ఒక వానాకాలానికే మెట్టు తుప్పు పడుతుంది.

ఇత్తడి ఉరుళిలో (నీళ్ళు పోసి పూలు తేల్చే వెడల్పాటి గిన్నెలో) పూలు వేసి రోజూ ఉంచొచ్చా?

ఉంచొచ్చు, కానీ నీళ్ళు రెండు రోజులకోసారి మార్చాలి. మన వేడికి గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం పది రోజులు చాలు, డెంగీ దోమ గుడ్లు అంచుకే అతుక్కుని ఉంటాయి. నీళ్ళు పారబోస్తే సరిపోదు, అంచు చుట్టూ పీచుతో రుద్దాలి. తోమడానికి చింతపండు, ఉప్పు చాలు, వెంటనే కడిగి పొడి గుడ్డతో తుడవండి. తడి ఆరిన చోట మచ్చ పడుతుంది. షాపులో మెరుపు పూత వేసి అమ్మిన ఇత్తడికి చింతపండు పెడితే పూత మచ్చలు మచ్చలుగా లేస్తుంది, దానికి సబ్బునీళ్ళే.

వెనక తెరగా కట్టిన చీరలు, పెట్టుబడి జాకెట్ ముక్కలు?

పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు ప్రతి ఇంట్లోనూ పేరుకుపోతాయి. 80 సెంటీమీటర్ల ముక్కతో ఒక 16 అంగుళాల దిండు గలీబు వస్తుంది. పన్నా (బట్ట అడ్డం) వెంట 40 అంగుళాల పొడవు, 17 అంగుళాల వెడల్పు కత్తిరించి, రెండు కొసలూ మడిచి కుట్టి, వెనక 5, 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా మడత పెడితే జిప్పు అక్కర్లేదు. మిగిలిన పట్టీ అంచు తోరణానికి సరిపోతుంది. కుట్టేముందు ఒకసారి నీళ్ళలో ముంచి తీయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. జరీ చీరను తెరగా కట్టేటప్పుడు గుండుసూదులు గుచ్చకండి, బట్టలారేసే క్లిప్పులు వాడండి. కలంకారీ, ఇకత్ దుప్పట్లు కర్రకి తొడిగి గోడకి వేలాడదీస్తే ఎండ పడని గోడ చూడాలి.

క్రిస్మస్ నక్షత్రాన్ని, చెట్టుని జనవరి తర్వాత వాడొచ్చా?

కాగితపు నక్షత్రం గది మూలలో చక్కటి దీపం అవుతుంది. లోపల 5 వాట్ల లోపు ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టాలి, పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడి అంటుకోవచ్చు. బల్బు ఏ వైపూ కాగితానికి తగలకూడదు. ప్లాస్టిక్ చెట్టు కొమ్మలను విడదీసి కిటికీ అంచున, మెట్ల కటకటాలకి పచ్చటి తీగలా చుట్టుకోవచ్చు. ఈస్టర్‌కి తెల్ల పూలు గుచ్చితే మళ్ళీ కళ వస్తుంది. మంచు పొడి చల్లిన కొమ్మలు మాత్రం వద్దు, అది రాలుతూనే ఉంటుంది.

సంక్రాంతి గాలిపటాలు?

మంచి కాగితం గాలిపటాలను పిల్లల గదిలో గోడకి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికిస్తే బాగుంటాయి. దారం మొత్తం తీసేయాలి. గాజు పూసిన మాంజాను కానీ, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించిన నైలాన్ మాంజాను కానీ అలంకరణకి వాడొద్దు. చిన్న ముక్కలుగా కత్తిరించి, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. చెట్టుకో డాబా మీదో మిగిలిన దారం పక్షుల రెక్కలు కోస్తుంది.

శ్రీరామనవమికి వేసిన పందిరి కర్రలు, తాటాకులు?

ఎండాకాలం మొదలయ్యే వేళకి వచ్చే పండగ కాబట్టి ఆ పందిరిని జూన్ దాకా తీయకండి. కుండీలు దాని కింద పెడితే మిట్ట మధ్యాహ్నపు ఎండ తప్పుతుంది. తొలకరి పడగానే తాటాకులు దించి, అదే వెదురు చట్రాన్ని బీర, సొర, కాకర తీగలకి వదలండి. వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దానికోసమే పురుగు తొలుస్తుంది, కింద పసుపు పొడి రాలుతుంది. పచ్చి గడలను వాడకముందు రెండు వారాలు నీళ్ళలో ముంచి ఉంచితే ఆ పిండి చాలావరకు పోతుంది. నేలలో పాతే కొస త్వరగా కుళ్ళుతుంది, దాన్ని ఇటుక మీద నిలబెట్టి కట్టండి.

థర్మాకోల్ మకర తోరణానికి రంగు మార్చబోతే కరిగిపోయింది. ఎందుకు?

స్ప్రే రంగులో ఉన్న ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. ఫెవికాల్‌కి సగం నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి, ఆరాక నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులే వేయాలి. అతకడానికి కూడా తెల్ల ఫెవికాలే. విరిగితే భోగి మంటలో వేయకండి, ఆ పొగ విషం.

అద్దె ఇల్లు, మేకులు కొట్టకూడదు. ఎలా?

పుట్టీ గోడకి జిగురు కొక్కేలు అంటిస్తే పుట్టీతో సహా ఊడతాయి. కిటికీ గ్రిల్లు ఇనపదే కాబట్టి ఎస్ ఆకారపు కొక్కేలు, అయస్కాంతాలు వాడండి. తోరణాలకి కర్టెన్ రాడ్, తలుపు పై అంచు మీద తొడిగే కొక్కెం చాలు.

అమెరికాలో ఉంటాం. అక్కడి లైట్లు ఇండియా తెచ్చుకోవచ్చా?

నేరుగా సాకెట్‌లో పెట్టేవి వద్దు. 120 వోల్టుల తీగను ఇక్కడి 230 వోల్టులకి పెడితే క్షణంలో మాడిపోతుంది. యూఎస్‌బీ తీగలు ఎక్కడైనా పనిచేస్తాయి. అక్కడే వాడుకునేటట్టయితే, పసుపు ఛాయ తెలుపు తీగ ఒకటే దీపావళికి ముంగిట, డిసెంబరులో చెట్టుకి, సంక్రాంతికి కొలువు మెట్లకి సరిపోతుంది. బయట కట్టేది ఆరుబయలు వాడకానికి అని రాసి ఉన్నదై ఉండాలి.

అన్నీ ఏడాదంతా కనపడుతుంటే పండగకి కొత్తదనం ఏముంటుంది?

న్యాయమైన ప్రశ్న. అందుకే అన్నీ బయట పెట్టకండి. గుమ్మం పెద్ద తోరణం, రంగురంగుల దీపాలు, మకర తోరణం, కొలువులో రాజూ రాణీ బొమ్మలు పండగకే అట్టిపెట్టండి. మిగతావి రోజూ ఉన్నా సెట్లు విడగొట్టి వాడితే పండగ నాడు అన్నీ ఒకచోట చేరినప్పుడు కళ వేరుగానే ఉంటుంది. ఒక గదికి ఒకటి రెండు వస్తువులకు మించితే ఇల్లు షాపులా కనపడుతుంది. పచ్చి మామిడాకు తోరణానికి ఏ ప్లాస్టిక్ తోరణమూ సాటి రాదు కాబట్టి పండగ నాటికి అది ఎలాగూ కొత్తదే.

అటక మీద పెట్టక తప్పని వాటిని ఎలా దాచాలి?

వానాకాలం ముసురులో పెట్టెలు మూయకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఒక పూట ఎండలో ఆరబెట్టి, చల్లారాక మూత పెట్టండి. అట్టపెట్టె కన్నా మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టె మేలు, ఎలుకలు, చెదలు తొందరగా చేరవు. కలరా ఉండలు థర్మాకోల్‌ని, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తాయి. వాటి బదులు నీడలో ఎండిన వేపాకు, లవంగాలు గుడ్డ మూటలో పెట్టండి. బ్యాటరీ దీపాల్లోంచి సెల్లులు తీసేయాలి, లేకపోతే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. దీపాల తీగను అట్టముక్కకి చుట్టి, ప్లగ్గు పైకి ఉండేలా చివర దోపండి. మిగిలిన ముగ్గు రంగులను తేమ తగలని సీసాల్లో పోసి, వంటింట్లోకి రాకుండా వేరే చోట ఉంచండి, పసుపు రంగు సీసా మీద తప్పకుండా పేరు రాయండి.